ఖాళీ ఇళ్ళ దీవుల్లో

మొదటి రోజు: నావోషిమా

తకమత్సు రేవులో పొద్దుటి ఫెర్రీ ఎక్కితే యాభై నిమిషాల్లో నావోషిమా. దారి పొడుగునా దీవులే. హొన్షూకీ షికోకూకీ మధ్య ఇరుక్కున్న ఈ సెతో లోపలి సముద్రంలో ఎటు చూసినా ఓ పచ్చని గుట్ట నీళ్ళలోంచి లేచి కనబడుతుంది. చాలా దీవుల కథ ఒకటే. పిల్లలు చదువులకీ కొలువులకీ ఒసాకా, టోక్యో వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. ఇళ్ళు తాళాలు పడి, లోపలి సామాన్లతో సహా అలాగే ఉండిపోతున్నాయి. 2010 నుంచి మూడేళ్ళకోసారి ఈ దీవుల మీద సెతోఉచి కళోత్సవం జరుగుతోంది. వసంతం, వేసవి, శరత్తు అని మూడు విడతలు. మేం శరత్తు విడతకి వెళ్ళాం. మేమంటే నేనూ, మా వదినా. పిల్లల్ని చూసుకుంటానని అన్నయ్య ఒసాకాలో ఉండిపోయాడు.

నావోషిమా అనగానే అందరికీ గుర్తొచ్చేవి యాయోయి కుసామా అనే కళాకారిణి చేసిన గుమ్మడికాయ బొమ్మలు. ఎర్రది రేవులోనే ఉంది. పసుపుది 1994 నాటిది. 2021 ఆగస్టు తుపానులో సముద్రం దాన్ని ఈడ్చుకుపోతే, మరుసటేడు కొత్తది చేసి అదే చోట నిలబెట్టారు. ఫొటోల కోసం జనం బారులు తీరి ఉన్నారు. మేం అటు వెళ్ళలేదు. నాకు చూడాలని ఉన్నది హొన్మురా అనే పాత ఊరినీ, అక్కడి ఇళ్ళనీ.

ఖాళీ పడిన ఇంటిని కూల్చకుండా ఒక్కో ఇంటిని ఒక్కో కళాకారుడి చేతికి అప్పగించడం ఇక్కడ 1998లో మొదలైంది. దాని వెనక ఉన్నది బెనెస్సే అనే విద్యా ప్రచురణ సంస్థ, దాని అప్పటి అధిపతి ఫుకుతకే సోయిచిరో. మొట్టమొదట తీసుకున్న ఇల్లు కదోయా. సుమారు రెండు వందల ఏళ్ళ నాటిది. అందులో పని చేసిన కళాకారుడు మియాజిమా తత్సువో.

చెప్పులు విప్పి లోపలికి వెళితే చీకటి. కళ్ళు అలవాటు పడటానికి కాస్త సమయం పడుతుంది. చాప పరిచి ఉండాల్సిన గది నిండా నీళ్ళున్నాయి, చీలమండ లోతు కూడా ఉండవేమో. నీళ్ళ అడుగున ఎర్రవీ పచ్చవీ అంకెలు మిణుకుమంటున్నాయి. మొత్తం 125. ఒక్కొక్కటీ ఒకటి నుంచి తొమ్మిది దాకా లెక్కపెట్టి ఆరిపోతుంది, మళ్ళీ ఒకటితో మొదలవుతుంది. సున్నా ఎక్కడా కనబడదు. మియాజిమా తన పనిలో సున్నా చూపించడు, ఆ చోట చీకటి ఉంచుతాడు. ప్రతి అంకెకీ ఈ దీవిలో ఒక సొంతదారు ఉన్నారు. అయిదేళ్ళ పిల్లల నుంచి తొంభై అయిదేళ్ళ ముసలివాళ్ళ దాకా 125 మందిని కూర్చోబెట్టి, "మీ అంకె ఎంత వేగంగా నడవాలి?" అని అడిగి, వాళ్ళు చెప్పిన వేగమే పెట్టాడు.

చెక్క అరుగు మీద కూర్చున్నాం. కొన్ని అంకెలు పరుగెత్తుతున్నాయి. మూలన ఒక ఎర్ర అంకె ఆరు దగ్గరే నిలబడింది, ఎంతకీ ఏడు కాదు. వదిన దాన్నే చూస్తోంది.

"ఇది ఎవరో పెద్దావిడదై ఉంటుంది. తొందరేం లేదు ఆవిడకి," అంది.

"చిన్నపిల్లదేమో వదినా. పిల్లలకి ఒక రోజంటే ఎంత పొడుగో కదా."

ఏడు అయ్యేదాకా ఇద్దరం కదల్లేదు. 1998లో తొంభై అయిదేళ్ళున్న మనిషి ఇప్పుడు ఉండరు. ఆ మనిషి పెట్టిన వేగం మాత్రం ఏళ్ళ తరబడి నీళ్ళ కింద నడిచింది. ఇరవై ఏళ్ళు నిండాక, 2018లో ఊరివాళ్ళని పిలిచి వేగాలు పెట్టే కార్యక్రమం మళ్ళీ జరిపారు. ఆ అంకెలన్నీ కళాకారుడే తన ఇష్టానికి పెట్టుకున్నా గది ఇంతే అందంగా ఉండేది. కానీ అప్పుడది పట్నం నుంచి వచ్చినాయన ఖాళీ ఇంట్లో వేసుకున్న దీపాల తోట అయ్యేది. ఇప్పుడు ఒక మనవడు వచ్చి "అదిగో మా తాతది" అని వేలు పెట్టి చూపించగలడు. ఈ యాత్ర పొడుగునా నేను ప్రతి పనినీ కొలిచింది ఇక్కడ దొరికిన కొలతతోనే: పోయినవాళ్ళ వస్తువుకి ఈ కళాకారుడు ఏదైనా పని అప్పజెప్పాడా, లేక ఊరికే చూపిస్తున్నాడా?

బయట వీధుల్లో గుమ్మాలకి నోరెన్ అనే అద్దకపు తెరలు వేలాడుతున్నాయి. కానో యోకో అనే కళాకారిణి 2001 నుంచి ఊరి ఇళ్ళకి చేస్తూ వచ్చినవి. ఇవి మ్యూజియం వస్తువులు కావు. గాలికి ఎగురుతాయి, వాటిని తప్పించుకునే ఇంటివాళ్ళు లోపలికీ బయటికీ తిరుగుతారు. పాత పళ్ళ డాక్టరు ఇంటిని ఓహ్‌తాకే షిన్రో ఇనుపరేకులతో, నియాన్ దీపాలతో, ఇంటి లోపల నిలువెత్తు స్వేచ్ఛాదేవత బొమ్మతో నింపాడు. అక్కడ నాకు హోరు తప్ప ఏం దొరకలేదు. అదే మనిషి రేవు దగ్గర 2009లో కట్టిన స్నానాల ఇల్లు మాత్రం బాగా నచ్చింది. ఆడవాళ్ళ వైపుకీ మగవాళ్ళ వైపుకీ మధ్య గోడ మీద ఏనుగు బొమ్మ, తొట్టి అడుగున అతికించిన పాత బొమ్మలు, రంగురంగుల పలకలు. వాటి మధ్య ఊరి ఆడవాళ్ళు వీపులు రుద్దుకుంటూ ఎవరి కోడలి గురించో మాట్లాడుకుంటున్నారు.

రెండో రోజు: తెషిమా

తెషిమా పేరు జపాన్‌లో మొదట వినబడింది కళ వల్ల కాదు, చెత్త వల్ల. 1970ల చివరి నుంచి 1990 దాకా ఒక వ్యాపారి ఈ దీవి పడమటి కొసన పారిశ్రామిక వ్యర్థాలు తెచ్చి అక్రమంగా కుమ్మరించాడు. తుక్కు కార్ల పొడి, విష నూనెలు. ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడారు. ప్రభుత్వ కార్యాలయాల ముందు కూర్చున్నారు, ఊరూరా తిరిగి చెప్పుకున్నారు. 2000లో రాజీ కుదిరింది, కగావా ప్రిఫెక్చర్, అంటే ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం, క్షమాపణ చెప్పింది. ఆ చెత్తని ఓడల్లో నిన్న మేం చూసిన నావోషిమాకే తీసుకెళ్ళి కొలిమిలో కరిగించారు. చివరి లోడు వెళ్ళింది 2017లో. మొత్తం తొమ్మిది లక్షల టన్నులు దాటింది. సంతకాలు పెట్టినవాళ్ళలో చాలామంది ఆ చివరి లోడుని చూడకుండానే పోయారు. ఈ సంగతి తెలుసుకోకుండా తెషిమా కళని చూడకూడదనిపిస్తుంది నాకు.

ఇఎఉరా రేవులో బ్యాటరీ సైకిళ్ళు తీసుకుని కొండెక్కాం. మెట్లు మెట్లుగా వరిమళ్ళు, కింద సముద్రం. ఆ మళ్ళ మధ్య తెషిమా ఆర్ట్ మ్యూజియం ఉంది: ఒక్క స్తంభం కూడా లేని తెల్లని కాంక్రీటు గుల్ల, పైన రెండు పెద్ద రంధ్రాలు, నేలలోంచి ఊరి జారే నీటి బొట్లు. ఆర్కిటెక్టు నిషిజావా ర్యూఎ, కళాకారిణి నైతో రెయి, సంవత్సరం 2010. దాని గురించి లోకమంతా రాసింది, నేను కొత్తగా చెప్పేదేం లేదు. అక్కడ మాట్లాడకుండా కూర్చోవడం హాయిగా ఉంటుంది, అంతే.

మధ్యాహ్నం షిమా కిచెన్‌లో తిన్నాం. అది కూడా ఒక ఖాళీ ఇల్లే. ఆబె ర్యో అనే ఆర్కిటెక్టు 2010లో దాని చుట్టూ పెద్ద చూరు దింపి భోజనశాల చేశాడు. వండి వడ్డించేది దీవి ఆడవాళ్ళే. మా వదినది గోదావరి వైపు, చేప తెలిసిన మనిషి. పళ్ళెంలో చేప తిని, "ముల్లు తీసే ఓపిక ఉన్నవాళ్ళు వండారు," అంది. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు నేను వినలేదు.

కరాతో ఊరి చివర సముద్రపు ఒడ్డున నల్లటి చెక్క గది ఒకటుంది. ఫ్రెంచి కళాకారుడు క్రిస్టియాన్ బోల్తాన్‌స్కీ 2008 నుంచి ప్రపంచం నలుమూలలా మనుషుల గుండె చప్పుళ్ళు రికార్డు చేయించి ఇక్కడ భద్రపరిచాడు. లోపలి చీకటి గదిలో ఒకే బల్బు వేలాడుతుంటుంది. ఎవరిదో గుండె కొట్టుకుంటుంటే దానికి తగ్గట్టు వెలిగి ఆరుతుంది. పక్క గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుని పేరు వెతికి, ఆ మనిషి గుండె వినవచ్చు. మనదీ ఇచ్చి రావచ్చు. బోల్తాన్‌స్కీ 2021 జూలైలో పోయాడు. ఆయన గుండె చప్పుడు కూడా ఈ భాండారంలో ఉంది. వదిన ఇచ్చింది. నేను ఇవ్వలేదు. నా గుండె ఎక్కడో దాచి ఉంచాలన్న కోరిక నాకు లేదు, నాకు కావాల్సినవాళ్ళ చప్పుడేమో రికార్డు కాలేదు.

అదే మనిషి 2016లో కొండ మీది అడవిలో ఇంకో పని చేశాడు. అక్కడికి కాలిబాటన ఎక్కి వెళ్ళాలి. చెట్ల మధ్య వందల గాలిగంటలు, ఒక్కో గంట కింద వేలాడే సన్నని పారదర్శకమైన పలక, పలక మీద ఒక పేరు. ఎవరో ఎవరినో తలచుకుని రాయించిన పేర్లు. గాలి వచ్చినప్పుడే గంట మోగుతుంది, లేనప్పుడు అడవి అడవిలాగే ఉంటుంది. కొన్ని పలకల మీద అక్షరాలు వెలిసిపోతున్నాయి.

మా దగ్గర పెద్దకర్మ రోజు వచ్చినవాళ్ళకి స్టీలు గ్లాసో గిన్నో ఇచ్చి పంపుతారు. దాని మీద పోయినవాళ్ళ పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటాయి. ఎవరింట్లోనైనా వంటగది గూటిలో చూడండి, నాలుగైదు పేర్లు కనబడతాయి. ఆ ఇంటివాళ్ళు మర్చిపోయిన మేనత్తలూ పెదతాతలూ అక్కడ బోర్లించి ఉంటారు, రోజూ నీళ్ళు పట్టిస్తుంటారు. అడవిలో నిలబడి నేను అనుకున్నది ఆ గ్లాసుల గురించే. 2021 మేలో అమ్మ పోయినప్పుడు అన్నయ్యా నేనూ ఇక్కడే చిక్కుకుపోయాం. నిజామాబాద్‌లో కర్మకి గట్టిగా పది మంది రాలేదు. చేయించిన గ్లాసులన్నీ మిగిలిపోయాయి. ఆ తర్వాత ఏడాది పాటు బాపు, మా నాన్న, ఎవరింటికి వెళ్ళినా సంచిలో ఒక గ్లాసు వేసుకుని వెళ్ళి ఇచ్చి వచ్చాడు. మా వాటా రెండు గ్లాసులు పార్సిల్లో ఒసాకా వచ్చాయి.

బోల్తాన్‌స్కీ గంటలు ఎంత బాగున్నా వాటి దగ్గరికి మనం కొండెక్కి వెళ్ళాలి. ఆ గ్లాసులు మాత్రం రోజూ మన చేతిలోకి వస్తాయి. ఈ మాట ఆయన్ని తక్కువ చేయడానికి అనడం లేదు. ఒక ఊరి అలవాటుగా బతుకుతున్న పనిని ఒంటరి మనిషి ఒక్కడూ కొత్తగా కనిపెట్టాల్సి వచ్చిందంటే, అతను పెరిగిన చోట పేర్లు ఎలా మాయమయ్యాయో ఊహించుకోవచ్చు. బోల్తాన్‌స్కీ పుట్టింది 1944లో, జర్మన్ల చేతిలోంచి అప్పుడే బయటపడ్డ పారిస్‌లో. యూదుడైన తండ్రి అంతకుముందు నెలల తరబడి ఇంట్లోనే నేల పలకల కింద దాక్కుని బతికాడు.

ఆ రాత్రి ఇఎఉరాలో ఒక చిన్న బసలో పడుకున్నాం.

మూడో రోజు: ఇనుజిమా

పడవలో అరగంట లోపే. దీవి చుట్టూ నడిచేందుకు ఒక గంట చాలు. ఊళ్ళో మిగిలినవాళ్ళు కొద్ది పదుల మందే. 1909లో ఇక్కడ రాగి శుద్ధి కర్మాగారం పెట్టారు. వేలమంది వచ్చారు. రాగి ధర పడిపోయింది, పదేళ్ళకే మూసేశారు. పొగగొట్టాలూ, రాగి చిట్టెంతో పోతపోసిన నల్ల ఇటుకల గోడలూ నిలిచిపోయాయి. 2008లో సంబుఇచి హిరోషి అనే ఆర్కిటెక్టు ఆ శిథిలాన్నే మ్యూజియంగా మలిచాడు. ఎండ వేడి, నేల చల్లదనం, పొగగొట్టం లాగే గాలి. వీటితోనే లోపల ఉష్ణోగ్రత సర్దుకునేట్టు కట్టాడు.

లోపలి పని యానగి యుకినోరిది. టోక్యో షోతో ప్రాంతంలో రచయిత మిషిమా యుకియో ఒకప్పుడు ఉన్న ఇంటిని విప్పేసినప్పుడు దాని తలుపులూ, కిటికీలూ, జారుడు చట్రాలూ తెచ్చి, నీళ్ళున్న రాతి పలక పైన గాలిలో వేలాడదీశాడు. ఇల్లు ఒక క్షణం పేలి ఆగిపోయినట్టు ఉంటుంది. ఆధునిక జపాన్ ఎటు పోయిందో మిషిమా వేసిన ప్రశ్నే ఈ పని కూడా వేస్తోందని అక్కడి కాగితం చెబుతుంది. ప్రశ్న పెద్దదే. కానీ ఆ తలుపులు నాకేమీ చెప్పలేదు. పిడి దగ్గర రంగు పోయిన చోటు ఒకటి కనబడింది. ఎన్ని చేతులు పట్టుకుంటే అంత అరుగుతుందో! ఆ అరుగుదలని ఈ పనిలో ఎవరూ పట్టించుకోలేదు. తలుపు ఇక్కడ ఒక వాదనకి సాక్షిగా నిలబడింది, అంతే. ఇదే సముద్రంలో 2010 మొదటి ఉత్సవానికి షియోతా చిహారు దీవుల్లోని ఖాళీ ఇళ్ళ తలుపులూ కిటికీలూ వందల కొద్దీ పోగుచేసి తెషిమాలో సొరంగంలా పేర్చింది. దాని ఫొటోలు చూసినప్పుడు మాత్రం మనుషులు అందులోంచి నడిచి వెళ్ళేలా చేసిందన్నది నాకు ముఖ్యమనిపించింది. తలుపు అక్కడ తలుపు పనే చేసింది.

సాయంత్రం తకమత్సు చేరాక బాపు ఫోన్. దీపావళికి ఇల్లు సున్నం వేయిస్తున్నాడట. "అటుక మీద మీ అమ్మ సామానంతా ఉంది. పాత సామాన్ల ఆయన వస్తున్నడు, ఇచ్చెయ్యమంటవా, ఉంచమంటవా?" అన్నాడు. రెండు రోజులు ఆగమన్నాను.

నాలుగో రోజు: ఓషిమా

తకమత్సు నుంచి ఓషిమాకి పడవ ఉచితం. దానికి కారణం ఉంది. దీవి మొత్తం ఒక ప్రభుత్వ ఆసుపత్రి, పేరు ఓషిమా సేయిషోఎన్. 1909లో కుష్ఠు రోగులని బలవంతంగా తెచ్చి ఉంచడానికి పెట్టారు. జపాన్‌లో ఇలాంటి జాతీయ ఆశ్రమాలు పదమూడు. యుద్ధం తర్వాత రోగానికి మందు వచ్చింది, నయమవుతోందని అందరికీ తెలిసింది. అయినా వాళ్ళని విడిగా ఉంచే చట్టం 1996 దాకా రద్దు కాలేదు. 2001లో కుమమోతో జిల్లా కోర్టు ఆ విధానం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది, ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళలేదు. అప్పటికి ఇక్కడివాళ్ళ బంధువులు పోయారు, సొంత ఊళ్ళు మారిపోయాయి. చాలామంది పేర్లే మార్చుకుని బతికారు, ఇంట్లో ఉన్నవాళ్ళకి మాట రాకూడదని. పెళ్ళి చేసుకోవాలంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి ఒప్పుకోవాలి. ఇప్పుడు మిగిలినవాళ్ళు చాలా కొద్దిమంది. దాదాపు అందరూ ఎనభై దాటినవాళ్ళే.

మాది నిజామాబాద్ వైపు. డిచ్‌పల్లి విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి పేరు వినకుండా అక్కడ ఎవరం పెరగలేదు. బస్సు ఆ దారిన పోతున్నప్పుడు పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. ఎందుకో చెప్పేవాళ్ళు కాదు. ఓషిమాలో దిగగానే నాకా తగ్గిన గొంతు గుర్తొచ్చింది. వదినకీ అలాంటి జ్ఞాపకమే ఉందట, వాళ్ళ ఊరి తిరనాళ్ళలో.

రేవు నుంచి దారి వెంట ఎక్కడో ఒక పాట వినబడుతూనే ఉంటుంది. మాటలు లేవు, స్పీకర్లోంచి వచ్చే వరస మాత్రమే. జబ్బు వల్ల చూపు పోయినవాళ్ళకి తాము ఏ దారిలో ఉన్నామో తెలియడానికి పెట్టిన ఏర్పాటు. మాతో పాటు వచ్చిన మార్గదర్శి ఇదొక్కటి చెప్పి, మిగతా దారంతా మమ్మల్ని మాట్లాడకుండా నడవనిచ్చింది. అందుకు ఆమెకి కృతజ్ఞతలు.

రోగులు ఉన్న పొడుగాటి ఇళ్ళలో ఇప్పుడు కళాకారులు పని చేస్తున్నారు. తకహాషి నొబుయుకి, ఆయన నడిపే కళా బృందం ఇక్కడికి చాలా ఏళ్ళుగా వచ్చిపోతున్నారు. ఏదో ఒకటి తెచ్చి పెట్టడం కన్నా ముందు వాళ్ళు ఇక్కడివాళ్ళతో కూర్చున్నారు, వాళ్ళు వాడిన వస్తువులు పారేయకుండా దాచారు, ఒక ఇంట్లో వాటిని ప్రదర్శించారు. 2010లో ఒక చిన్న కెఫే కూడా తెరిచారు. గిన్నెలూ కప్పులూ ఓషిమా మట్టితోనే చేశారు. ఈ దీవి మనుషులు ముట్టుకున్న పాత్ర బయటివాళ్ళు ముట్టని కాలం ఎన్ని దశాబ్దాలు నడిచిందో తలుచుకోండి. అలాంటి చోట, ఈ మట్టితో చేసిన కప్పుని బయటి నుంచి వచ్చిన మనిషి పెదవులకి ఆనించుకుంటే ఎన్నో ఏళ్ళ అంటుకి అదే జవాబు. వస్తువుకి పని అప్పజెప్పడమంటే నేననుకున్నది ఇదే.

బొమ్మల పుస్తకాల చిత్రకారుడు తాషిమా సేయిజో 2019లో చేసిన గదులు చూశాం. పేరు "ఎన్ గారి జీవితం, ఓషిమాలో డెబ్భై ఏళ్ళు: చెక్క మరుగుదొడ్డి గది". ఒక ఇంటి గదులన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడుచుకుంటూ వెళ్ళాలి, ఒక మనిషి బతుకు గది తర్వాత గదిగా తెరుచుకుంటుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన కొయ్యలు, తాళ్ళు, రంగులు. కొయ్యలకి మొహాలున్నాయి. తాషిమా మరుగుదొడ్డి పేరునే పనికి పెట్టడం నాకు గొప్పగా అనిపించింది. జీవితమంతా పరాయి నియమాల కింద గడిపిన మనిషి గురించి చెప్పాలంటే గొప్ప వస్తువులు ఏరుకోనక్కర్లేదు. చేతులు మొద్దుబారినవాళ్ళకి, కళ్ళు పోయినవాళ్ళకి రోజులో అన్నిటికన్నా కష్టమైన చోటు అదే కదా.

వదిన ఆ గదిలోంచి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, "మా అమ్మమ్మ చివర్లో ఒకటే అడిగేది, నన్ను బాత్‌రూమ్‌కి నడిపించండర్రా, మంచం మీద వద్దు అని," అంది.

కొండవాలు మీద, చెట్ల కింద, ఆరుబయట ఒక కాంక్రీటు బల్ల ఉంది. శవపరీక్ష బల్ల. దీవికి తెచ్చినప్పుడే చనిపోయాక కోయడానికి ఒప్పుకుంటున్నట్టు రోగుల చేత సంతకం పెట్టించుకునేవాళ్ళు. ఆ పద్ధతి పోయాక బల్లని సముద్రంలో పడేశారు. 2010 ఉత్సవం నాటికి అది ఒడ్డున బయటపడింది. కళాకారులూ దీవివాళ్ళూ కలిసి పైకి తెచ్చి ఉంచారు. పక్కలు విరిగాయి, ఉప్పునీళ్ళు దాన్ని కొరికేశాయి. మధ్యలో నీళ్ళు జారే వాలు ఇంకా తెలుస్తోంది.

నా కొలత ఇక్కడ పనికి రాలేదు. ఈ బల్లకి మళ్ళీ ఏ పనీ అప్పజెప్పకూడదు. దీన్ని ఎవరూ తీర్చిదిద్దకుండా, దానికి ఏ పేరూ పెట్టకుండా వర్షంలో ఎండలో ఉండనివ్వడమే సరైన పని. కళాకారుడు తన చేయి వెనక్కి తీసుకోవడం కూడా కళే. అది అందరికీ చేతకాదు.

యామకావా ఫుయుకి అనే గాయకుడు, ప్రదర్శన కళాకారుడు ఈ దీవికీ ఆవలి ఒడ్డు ఆజికీ మధ్య సముద్రాన్ని ఈది, దాని మీద ఒక పని చేశాడు. ఒకప్పుడు రోగులు రాత్రిళ్ళు ఈదుకుంటూ తప్పించుకోవాలని చూసిన నీళ్ళు అవి. రేవులో నిలబడితే ఆజి అంత దగ్గరగా కనిపిస్తుంది, చెట్లు కూడా విడివిడిగా తెలుస్తాయి. కుటుంబాలు తీసుకెళ్ళని అస్థికలు ఉంచే మందిరం దగ్గర ఇద్దరం దణ్ణం పెట్టుకుని పడవెక్కాం. ఆ సాయంత్రం ఏమీ చూడలేదు, ఎక్కడా తినాలనిపించలేదు. బసలో టీ పెట్టుకుని తాగాం.

ఐదో రోజు: అవాషిమా

శనివారం. అవాషిమా తకమత్సుకి పడమట, రైల్లో తకుమా దాకా వెళ్ళి, సుదా రేవు నుంచి పదిహేను నిమిషాలు పడవ. ఈ దీవి మగవాళ్ళు తరాల తరబడి నావికులు. ఊళ్ళో పాత నావికా పాఠశాల ఇంకా ఉంది, ఆకుపచ్చ రంగు వేసిన చెక్క భవనం. బడి 1987లో మూతపడింది.

మేం వచ్చింది తేలియాడే పోస్టాఫీసు కోసం. మూతపడిన పాత పోస్టాఫీసులో కుబోతా సాయా అనే కళాకారిణి 2013లో మొదలుపెట్టింది. చేర్చాల్సిన చోటు తెలియని ఉత్తరాలు ఇక్కడికి రాయవచ్చు: పోయిన భర్తకి, పుట్టకుండానే పోయిన బిడ్డకి, పెంచుకున్న కుక్కకి, పదేళ్ళ తర్వాతి తనకి. పోస్టు శాఖ వాటిని ఈ చిరునామాకి నిజంగానే చేరుస్తుంది. వచ్చినవాళ్ళెవరైనా తీసి చదవవచ్చు. ఒకవేళ ఆ ఉత్తరం తమకే అనిపిస్తే ఇంటికి తీసుకెళ్ళవచ్చు. ఇన్నేళ్ళలో వేలకొద్దీ వచ్చాయి. ఒకప్పుడు ఇదే ఊళ్ళో నిజమైన పోస్ట్‌మాస్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయననే కుబోతా మళ్ళీ పోస్ట్‌మాస్టరుగా కూర్చోబెట్టింది. సముద్రం మీదున్న మగవాళ్ళకి ఆడవాళ్ళు ఉత్తరాలు రాసిన ఊళ్ళో ఇంతకన్నా తగిన ఆలోచన ఇంకోటి ఉంటుందనుకోను. గదికి గది పనే, కిటికీకి కిటికీ పనే, మనిషికి తను జీవితమంతా చేసిన పనే తిరిగి ఇచ్చింది. ఈ అయిదు చోట్లలో నా మనసు పూర్తిగా ఒప్పుకున్నది దీన్నే.

మేం వెళ్ళినప్పుడు నెలలో రెండు శనివారాలు మధ్యాహ్నం మాత్రమే తెరుస్తున్నారు. గది చిన్నది. తీగలకి వేలాడే తగరపు డబ్బాలు చక్రంలా పేర్చి ఉంటాయి. తోస్తే మెల్లగా తిరుగుతాయి, ఒకదానికొకటి తగిలి అలల చప్పుడు చేస్తాయి. పాత కౌంటరు, గాజు అద్దం, పక్కన పెట్టెల నిండా కార్డులు. నా జపనీస్ అంతంతమాత్రం. వదినది బాగానే ఉంటుంది, మెల్లగా చదివి చెప్పింది. ఆ ఉత్తరాల్లోని మాటలు ఇక్కడ రాయను. నాకు రాసినవి కావు. చాలావరకు మామూలు కబుర్లే అని మాత్రం చెప్పగలను. ఈ ఏడు తోటలో ఏం కాసింది, చిన్నవాడికి ఉద్యోగం వచ్చింది, నీ చేతి గడియారం రిపేరు చేయించాను. దుఃఖం గురించి రాసినవాటికన్నా ఇవే ఎక్కువ.

వదిన బల్ల దగ్గర కూర్చుని కార్డు రాసింది, తెలుగులో. డబ్బాలో వేసే ముందు నాకు చూపించలేదు. పడవ కోసం గట్టు మీద కూర్చున్నప్పుడు అడిగాను.

"అత్తయ్యగారికి. సర్వపిండికి పిండి తడిపేటప్పుడు నీళ్ళు వేడివి పోస్తారా, చల్లవా అని. నేను చేస్తే ఎప్పుడూ పగిలిపోతుంది. ఆవిడ ఉన్నప్పుడు అడగాలని తోచలేదు."

"వేడివే వదినా. మరీ మసిలేవి కాదు. శనగపప్పు ముందే నానాలి. సర్వ గిన్నెలోనే చేతితో ఒత్తాలి, పలుచగా. మధ్యలో వేలితో బొక్కలు పెట్టి నూనె వెయ్యాలి. చపాతీ పెనం మీద చేస్తే ఎట్లా రాదు."

"మా ఇంట్లో సర్వ ఎక్కడుంది?"

బాపుకి ఫోన్ చేశాను. అటుక మీది సామాన్లలో అడుగు మసిబారిన సర్వ ఉంటుంది, అది మాత్రం పాత సామాన్ల ఆయనకి ఇవ్వొద్దని చెప్పాను. పెద్ద గంగాళం ఎవరికి కావాలని అడిగాడు. చిన్నత్త కొడుకు పెళ్ళి ఉంది కదా, వంటకి వాళ్ళకి పనికొస్తుంది, ఇచ్చెయ్యమన్నాను. ఇత్తడి బిందె? దాని మాట అన్నయ్యని అడగాలి. డిసెంబరులో అన్నయ్య వెళ్తున్నాడు, వచ్చేటప్పుడు సర్వ చేతి సంచిలో పెట్టుకుంటాడు. ఎయిర్‌పోర్టులో విప్పి చూపించమంటారేమోనని వదిన అప్పుడే దిగులుపడుతోంది.